లోపల ఆరేసిన బట్టలు

మా అత్తవారింట్లో బూజు అన్న మాట ఎవరూ పలకరు. వెనకగదిలో కిటికీ పక్కన మొదలై, బీరువా వెనక్కి పాకి, కప్పు మూల దాకా ఎక్కిన నల్లటి మచ్చని అత్తయ్య 'నీడ' అంటుంది. మామగారు 'పైనున్నావిడ నిర్వాకం' అంటారు. మా ఆయన ఆ ఇద్దరిలో ఎవరు చివర మాట్లాడితే వాళ్ళకి తలూపుతాడు.

కాపురానికి వచ్చిన కొత్తలో తెలియక అడిగాను. "ఇదేంటత్తయ్యా, గోడకి ఇంత బూజు పట్టింది?"

నేను బూతుమాట అన్నట్టు చూసింది. "మనలాంటి ఇళ్ళల్లో బూజు పట్టదమ్మాయ్. వెలుతురు సరిగ్గా పడక అలా కనిపిస్తుంది."

వెలుతురు పడని మాట నిజమే. పడనిస్తే కదా. ఆ గది కిటికీకి మేకులు కొట్టేశారు. కిటికీ అవతల సందు ఉంది. సందులో జనం నడుస్తారు. ఆ జనానికి కళ్ళుంటాయి. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టిన తాళ్ళ మీద మా ఇంటిల్లిపాది తడిబట్టలు వేలాడుతుంటాయి.

ఆ బట్టలు బయట ఎందుకు ఆరకూడదో చెప్పాలంటే మామగారి బనియన్ల గురించి చెప్పాలి. ఆయన ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సొంత వరండాలో కుర్చీ వేసుకుని, ఎవరో వచ్చి సంతకం అడుగుతారన్నట్టు కూర్చుంటారు. ఆ చొక్కా మీద ఈగ వాలితే కాలు జారి పడాలి. దాని కింద బనియను మాత్రం జల్లెడ. ఆ ఇంట్లో డబ్బుకి లోటు లేదు. కనిపించని దానికి ఖర్చు పెట్టడమంటేనే వాళ్ళకి ప్రాణం ఒప్పదు. వీధివైపు కిటికీలకి పూల తెరలు, లోపలి గుమ్మాలకి పాత దుప్పటి ముక్కలు. చుట్టాలకి గాజు కప్పులు, మాకు చెవులు విరిగినవి. తువాళ్ళు ఎంత పలచబడ్డాయంటే ముఖం తుడుచుకుంటూ అవతలి మనిషితో మాట్లాడొచ్చు. ఇవన్నీ బయట ఆరేస్తే వీధికి మా లోపలి సంగతి తెలిసిపోతుందని అత్తయ్య భయం.

అలాగని మాకు ఎండ తక్కువా? ముందు వరండాకి పొడుగునా ఇనుప కమ్మీలున్నాయి. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఎండ అక్కడే కాపురం ఉంటుంది. దాన్ని వాడుకునేది మామగారి పేపరు ఒక్కటే.

అందుకని రోజూ బాల్టీల కొద్దీ బట్టలు వెనకగదిలోకే వెళ్ళేవి. తెల్లారేసరికి కిటికీ అద్దం లోపలివైపు నీటిచుక్కలు పట్టి, ధారలు కట్టి చట్రం మీదికి కారేవి. బీరువాలో దాచిన ఉన్ని శాలువాలు తడిసిన కుక్కలా వాసన కొట్టేవి. చుట్టాలు వస్తున్నారంటే అత్తయ్య పొడి చీపురు పట్టుకుని గోడని టపటపా దులిపేది. నల్లటి పొడి లేచి మంచం మీద, దుప్పట్ల మీద, మా ముక్కుల్లో పడేది. ఆ తర్వాత అందరం తుమ్మేవాళ్ళం. అత్తయ్య చుట్టాలకి ఓ రకమైన గర్వంతో చెప్పేది: "జలుబు మా ఇంట్లో వంశపారంపర్యమండీ."

ఏడాదికోసారి రంగులాయన వచ్చేవాడు. "ముందు గీకి కడగాలండీ" అనేవాడు మాటవరసకి. "గీకితే ఇల్లంతా దుమ్ము. పైన వేసెయ్యి" అనేది అత్తయ్య. వేసేసేవాడు. అతనికేం పోయింది? ఏటా పని దొరుకుతోంది. ఒకసారి పెచ్చు ఊడి నా చేతిలో పడింది. దాని అంచున లేతాకుపచ్చ, గులాబి, పసుపు, మళ్ళీ లేతాకుపచ్చ పొరలు కనిపించాయి. పొరకీ పొరకీ మధ్య నల్లగీత. వాళ్ళు ఎన్ని దుప్పట్లు కప్పినా బూజు హాయిగా పడుకుని, ఆకలేసినప్పుడు లేచి బయటికి వస్తూనే ఉంది.

పై అంతస్తులో మిషనక్క అద్దెకుండేది. అసలు పేరు వీధిలో ఎవరికీ అక్కర్లేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆవిడ కుట్టుమిషను చప్పుడు మా నెత్తి మీద పరుగెడుతుండేది. వీధి పిల్లల బడి దుస్తులన్నీ ఆవిడవే. ఒంటరి మనిషి. జనం కింద నుంచి కేకేసి, గుడ్డ బుట్టలో వేస్తే ఆవిడ తాడుతో పైకి లాక్కునేది. ఆ కిటికీ ఆవిడ దుకాణం. అది వదిలి ఇంకో పేటకి వెళ్తే మళ్ళీ ఎన్నాళ్ళకి జనం పోగవుతారు? ఆవిడకి కావలసింది ఆ కిటికీ, ఆ వీధి. మామగారికి కావలసింది ఒక ముద్దాయి. ఆవిడ స్నానాలగది సరిగ్గా మా వెనకగది మీదుంది. ఆయన తీర్పుకి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

వరండాలో కూర్చుని పైకి తల ఎత్తి అనేవారు. "అమ్మాయ్, నువ్వు స్నానం చేస్తున్నావా, మా గోడకి చేయిస్తున్నావా?"

"నా స్నానానికి ఒక బాల్టీ చాలు బాబాయిగారూ" అనేది ఆవిడ పళ్ళ మధ్య దారం పట్టుకుని. "మీ గోడకి చాలదనుకుంటా."

నేను ఒకరోజు బట్టలు ఆరేస్తూ అత్తయ్యని మెల్లిగా అడిగాను. "ఈ బట్టల్లో నీళ్ళు ఎక్కడికి పోతున్నాయత్తయ్యా?"

"ఎక్కడికి పోతాయే? ఆరిపోతున్నాయి."

"ఆరి ఎక్కడికి పోతున్నాయి?"

"గాల్లోకి."

"మరి కిటికీకి మేకులున్నాయి. ఆ గాలి ఎటు పోతుంది?"

అత్తయ్య క్లిప్పు నోట్లోంచి తీసింది. "నువ్వు ఈ ప్రశ్నలు తగ్గిస్తే చాలు, ఇంట్లో గాలి అదే బాగుపడుతుంది."

రాత్రి మా ఆయనకి అదే చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "నిజమే సుమా" అన్నాడు. పొద్దున్న వాళ్ళమ్మ దగ్గర కాఫీ తాగుతూ, "పైన గొట్టం మార్పించాలి" అన్నాడు.

ఇలా ఉండగా మిషనక్క చెల్లెలికి కాన్పు వచ్చి, ఆవిడ కొన్నాళ్ళు అక్కడికి వెళ్ళింది. వెళ్ళేముందు నన్ను పైకి పిలిచి, నా కళ్ళముందే స్నానాలగది నీళ్ళ కవాటం బిగించి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. "చూస్తూండు చెల్లీ. మీ గోడ ఆరితే నేనే ఖాళీ చేస్తా. మీ మామగారికి చెప్పనక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు."

ఆవిడ వెళ్ళాక నేను రోజూ గోడ ముట్టుకుని చూశాను. చల్లగా, జిగటగా అలాగే ఉంది. అద్దం అలాగే ఏడుస్తోంది. పైకి వెళ్ళి చూస్తే స్నానాలగది గచ్చు మీద దుమ్ము పేరుకుంది. ఆ మాట భోజనాల దగ్గర చెప్పాను.

"పైన పొడిగా ఉంటుంది. నీరు కప్పులో దాక్కుంటుంది" అన్నారు మామగారు. నీరు ఆయనకి భయపడి దాక్కున్నట్టే మాట్లాడారు.

అయితే గోడ మీద ఆయనకి కోపం వచ్చింది. ఈ సంగతి తానే తేలుస్తానని బయల్దేరారు. బ్లీచింగ్ పొడి మంచిదని ఎవరో చెప్పారు. బాత్‌రూము కడిగే యాసిడ్ మంచిదని ఇంకెవరో చెప్పారు. "రెండూ మంచివైనప్పుడు విడివిడిగా ఎందుకు?" అని రెండూ ఒకే బాల్టీలో గుమ్మరించారు. అక్కడా ఇస్త్రీ చొక్కాయే.

బాల్టీలోంచి పచ్చటి పొగ లేచింది. గొంతులో కారం కొట్టినట్టయింది. నేను మామగారి రెక్క పట్టుకుని బయటికి లాగాను. అత్తయ్య దగ్గుతూ వీధి గుమ్మం దాకా పరుగెత్తి, అక్కడ ఆగి, జుట్టు సర్దుకుని, అప్పుడు బయటికి వచ్చింది. మా ఆయన సందులోంచి సుత్తితో కిటికీ మేకులు పీకి, రెక్కలు బార్లా తెరిచి పారిపోయాడు.

కొన్నాళ్ళు ఆ గదిలోకి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కిటికీ అలాగే తెరిచి ఉంది. ఫ్యాను ఆపేవాళ్ళు లేక తిరుగుతూనే ఉంది. తడిబట్టలు విడివిడిగా మంచం కోళ్ళ మీద, కుర్చీల మీద, తలుపుల మీద ఇల్లంతా చెదిరాయి. గోడ మచ్చ మచ్చగానే ఉంది కానీ, ముట్టుకుంటే పొడిగా తగిలింది. వేలికి తడి అంటలేదు.

మామగారు కూడా ముట్టుకున్నారు. వరండాలోకి వచ్చి దారిన పోయే ప్రతివాళ్ళకీ తన మందు గురించి చెప్పారు. ఎంతెంత కలపాలో కూడా చెప్పబోతే నేను కాఫీ ఇచ్చి నోరు మూయించాను.

తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. ఘాటు పోయిందని అత్తయ్య కిటికీ మూయించి, మేకులు కొట్టించి, బట్టలన్నీ మళ్ళీ వెనకగది తాళ్ళ మీదికి తోలింది. సరిగ్గా అదే రోజు మధ్యాహ్నం మిషనక్క సంచీ పట్టుకుని మెట్లెక్కింది. తెల్లారి లేచేసరికి అద్దం మీద నీటిచుక్కలు. ఆ వారం తిరగకుండానే గోడ చెమ్మగిల్లింది.

మామగారి మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "చూశారా! ఆవిడ లేదు, తడి లేదు. ఆవిడ వచ్చింది, తడి వచ్చింది. ఇంకేం కావాలి?"

"బట్టలు కూడా ఆ రోజే లోపలికి వచ్చాయి మామయ్యగారూ" అన్నాను.

"బట్టలు ఎప్పుడూ ఉండేవే కదమ్మా."

"తడి కూడా ఎప్పుడూ ఉండేదే కదండీ."

"పెద్దవాళ్ళతో వాదన ఏంటే?" అంది అత్తయ్య. మా ఆయన పళ్ళెంలోకి చూస్తూ తలూపాడు. ఎవరికి ఊపాడో పళ్ళేనికే తెలియాలి.

ఆ సాయంత్రం మామగారు మెట్ల మొదట్లో నిలబడి తీర్పు వినిపించారు. "అమ్మాయ్, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యి."

పైనుంచి ఎత్తిపొడుపు మాట వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. మిషను ఆగింది. అంతే.

మర్నాడు పైకి వెళ్తే మిషనక్క సగం కుట్టిన పిల్లల గౌన్లు మడతపెట్టి, ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేయడానికి మూటలు కడుతోంది. "గుండీలు కూడా కుట్టలేదు చెల్లీ, ఇలా ఇవ్వడానికి చేతులు రావట్లేదు" అంది. "పిల్లల మొహాలు ఎలా చూడను?" మిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా గోడ మీదున్నంత తడి కూడా నాకు చూపించకుండా ముఖం తిప్పేసుకుంది.

కిందికి వచ్చాను. మాటలతో ఆ ఇంట్లో పని జరగదు. ఆ ఇల్లు భయపడేది వీధి కళ్ళకే.

అత్తయ్య స్నానానికి వెళ్ళింది. మామగారు మంగలి దగ్గరికి వెళ్ళారు. నేను వెనకగది తాళ్ళ మీది తడిబట్టలన్నీ బాల్టీల్లో వేసుకుని ముందు వరండాలోకి తెచ్చాను. కమ్మీల పొడుగునా, ఎండకి ఎదురుగా, ఒక్కొక్కటీ విదిలించి ఆరేశాను. మామగారి బనియన్లు నడిమధ్యన పడ్డాయి. గాలికి ఉబ్బి, చిల్లులన్నింట్లోంచి ఎండ వరండా గచ్చు మీద పడి చుక్కల ముగ్గేసింది. మా ఆయన నిక్కర్లు, వాటి వెనక అతుకులు. అత్తయ్య లోపలి లంగాలు, వాటి అంచులకి తాడులా వేలాడే పోగులు. నావి కూడా. నావేం పట్టుగుడ్డలు కావు.

తర్వాత వెనకగదికి వెళ్ళి కిటికీ మేకులు పీకాను.

అత్తయ్య తలకి తువాలు చుట్టుకుని వరండాలోకి వచ్చి కొయ్యబారిపోయింది. అప్పటికే ఎదురింటావిడ చాట పట్టుకుని బయటికొచ్చింది. చాటలో ఏమీ లేదు.

"ఏంటి వదినగారూ, ఇవాళ మీ ఇంట్లో బట్టలు ఉతికారా?" అంది.

"అబ్బే, అవి... అవి మసిగుడ్డలండీ" అంది అత్తయ్య. "బీరువా సర్దుతుంటే బయటపడ్డాయి."

పై కిటికీ తెరుచుకుంది. మిషనక్క తల బయటికి పెట్టి కిందికి చూసింది. అంత దిగులులోనూ ఆ మనిషి నోరు ఊరుకోలేదు. "మసిగుడ్డలకి చేతులు కూడా ఉన్నాయే పిన్నిగారూ! ఆ మధ్యదానికి చంకలో చిల్లు పడింది. బుట్ట దింపుతా, వెయ్యండి. పోయే ముందు కుట్టి పెడతా."

వీధి పగలబడి నవ్వింది. సరిగ్గా అప్పుడే మామగారు నున్నగా గీసిన గడ్డంతో, ఇస్త్రీ చొక్కాతో మలుపు తిరిగారు. తన బనియన్లని చూశారు. చొక్కా పై గుండీ తడుముకున్నారు, లోపలిది ఎవరికైనా కనిపిస్తోందేమోనన్నట్టు.

అత్తయ్య నా జబ్బ పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. "నా పరువు తీశావు కదే! పో, ఇప్పుడే తీసుకొచ్చెయ్ లోపలికి!"

"తెస్తానత్తయ్యా. కానీ ఇప్పుడు తీసేస్తే, అవి మనవేనని, సిగ్గుపడి తీసేశామని అనుకుంటారు. మసిగుడ్డలైతే ఎవరైనా దాస్తారా? ఉంచితేనే నయం."

 బుద్ధితో చెప్పినప్పుడు ఎక్కనిది గర్వంతో చెబితే వెంటనే ఎక్కింది. ఆ రోజు సాయంత్రం దాకా బట్టలు ఎండలోనే ఉన్నాయి. మర్నాడూ ఉంచక తప్పలేదు. అంత హఠాత్తుగా మసిగుడ్డలు మాయమైతే ఎదురింటావిడ ఏమనుకుంటుంది?

ఈలోగా నేను గోడ పని చూసుకున్నాను. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకున్నాను. పొడిగా దులపకుండా ముందు సబ్బునీళ్ళతో మచ్చంతా తడిపాను, పొడి లేచి మళ్ళీ మా ముక్కుల్లోకి రాకుండా. ఉబ్బిన రంగు పెచ్చులు గీకేశాను. లేతాకుపచ్చ, గులాబి, పసుపు, వాళ్ళు ఏళ్ళ తరబడి పూసుకున్న పరువంతా నా కాళ్ళ దగ్గర రాలింది. రుద్ది, మంచినీళ్ళతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, ఆ గుడ్డలూ పెచ్చులూ ఒక సంచీలో మూతి కట్టి బయట పారేశాను. బీరువాని గోడకి జానెడు ఎడంగా జరిపాను. దాని వెనక అచ్చంగా బీరువా ఆకారంలోనే ఇంకో నల్ల బీరువా ఉంది. దాన్నీ కడిగాను. కిటికీ, ఫ్యాను, తలుపు మూడూ తెరిచి గదిని గాలికి వదిలేశాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. "నేను మొదట్నుంచీ ఇదే అన్నాను" అన్నాడు.

"ఎవరితో?" అన్నాను. వెళ్ళిపోయాడు.

గోడ ఆరింది. అద్దం మీద చుక్క పట్టలేదు. ఉన్ని శాలువాలు మామూలు ఉన్ని వాసనే వేశాయి. వంశపారంపర్యమైన జలుబు కూడా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. పైన మాత్రం మిషనక్క రోజూ స్నానం చేస్తూనే ఉంది. నీళ్ళ చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది. మామగారు ఆ చప్పుడు వింటూ పొడిగోడ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ఇక ఆయన ఒప్పుకోక తప్పదనుకున్నాను. నా అమాయకత్వం.

నెలాఖరు దగ్గరపడ్డ ఒక పొద్దున్న ఆయన గొంతు సవరించుకుని మెట్ల మొదట్లో నిలబడ్డారు. "అమ్మాయ్! నేను గట్టిగా చెప్పాక జాగ్రత్త పడ్డావు. తడి ఆగింది. తప్పు దిద్దుకున్నావు కాబట్టి ఈసారికి క్షమించాను. ఖాళీ చెయ్యక్కర్లేదు."

 చేతిలో తడి దుప్పటి ఉంది. దాన్ని ఆయన నెత్తిన కప్పాలన్నంత కోపం వచ్చింది. చెప్పేద్దామని మెట్లవైపు ఒక అడుగు వేశాను. పైనుంచి మిషనక్క నన్ను చూసి, చిన్నగా తల అడ్డంగా ఊపింది.

"మీ దయ బాబాయిగారూ" అంది. "ఇక మీదట మీ గోడకి నేను స్నానం చేయించను."

"అదీ మాట" అన్నారాయన తృప్తిగా. కుర్చీలో కూర్చుని పేపరు విప్పారు. కాసేపటికి మా నెత్తి మీద మిషను పరుగు మొదలైంది. గుండీలు లేని గౌన్లు మళ్ళీ బుట్టలో పైకి వెళ్ళాయి.

మసిగుడ్డల మాట ఎక్కువ రోజులు నిలవదని అత్తయ్యకి తెలుసు. బజారుకెళ్ళి కొత్త బనియన్లు, కొత్త తువాళ్ళు కొనుక్కొచ్చింది. మామగారు తొడుక్కోబోతే చేతిలోంచి లాక్కుంది. "ఇవి ఆరేయడానికండీ!"

ఇప్పుడు మా వరండాలో రెండు వరసలుంటాయి. వీధివైపు వరసలో ఎవరూ తొడుక్కోని కొత్తవి వేలాడతాయి. వాటిని తడిపి, పిండి, ఆరేస్తాం. వెనక వరసలో, దుప్పటి చాటున, మేం తొడుక్కునే చిల్లులవి ఉంటాయి. లోపలికి మాత్రం ఒక్కటీ వెళ్ళదు. దుప్పటి కట్టింది నేనే. నాకు కావలసింది రెండో వరస.

నిన్న పొద్దున్న ఆరేస్తుంటే మిషనక్క పైనుంచి వంగి చూసింది. "ఆ కొత్తవి రోజూ తడిసీ ఎండీ పలచబడుతున్నాయి చెల్లీ. కొన్నాళ్ళకి వాటికీ చిల్లులు పడతాయి. అప్పుడు ముందు వరసలో ఏం పెడతారట?"

మామగారు పేపరు దించి పైకి చూశారు. "ఏంటమ్మాయ్ అంటున్నావు?"

"ఏం లేదు బాబాయిగారూ. ఎండ బాగుంది అంటున్నా."

"మా వరండా కదా" అన్నారాయన.